లైసెన్సు రమ్మంటుంది, సర్వరు పొమ్మంటుంది

సంపాదకులు గారికి,

నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో లైనక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రెండు పేజీలు చూడటం నాకు పండగే. చెప్పిన విషయాలు చాలావరకు సరైనవి. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఓపెన్ సోర్స్‌కు, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌కు, సరిహద్దులు లేవని, ఏ ప్రభుత్వమూ దాన్ని ఎవరికీ అందకుండా ఆపలేదని రాశారు. చాలా ఏళ్లు నేను కూడా నా విద్యార్థులకు మొదటి రోజు పాఠంలో ఇదే మాట చెప్పాను. ఇప్పుడు చెప్పడం లేదు. ఎందుకు మానేశానో మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను అమీర్‌పేటలో పంతొమ్మిదేళ్లుగా లైనక్స్ నేర్పుతున్నాను. మైత్రీవనం వెనక వీధిలో మూడో అంతస్తు, ఇరవై రెండు కంప్యూటర్లు, పొద్దున ఏడింటికి మొదటి బ్యాచ్. కరీంనగర్ నుంచి, నంద్యాల నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలే ఎక్కువ. వాళ్లతో పాటు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు విదేశీ విద్యార్థులు వచ్చేవారు. మన నగరంలో చదువుకునే సూడాన్, యెమెన్, ఇరాన్ పిల్లలు టోలీచౌకీ నుంచి, మాసబ్‌ట్యాంక్ నుంచి బస్సెక్కి మా దగ్గరికి వచ్చేవారు. వాళ్లకు ఫీజు తగ్గించేదాన్ని. ఆ మాటకొస్తే నేర్పేది ఉచిత సాఫ్ట్‌వేర్ కదా, ఖరీదంతా నా గొంతుకు, గది అద్దెకు.

2016 నుంచి 2018 దాకా ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి నా దగ్గర నేర్చుకున్నాడు. పేరు రాయను, అతనికి అక్కడ ఏ ఇబ్బందీ రాకూడదు. చదువు అయిపోయే ముందు వాళ్ల నాన్న తివాచీల కొట్టు కోసం సరుకు లెక్కలు చూసుకునే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. పైథాన్ భాషలో రాసి, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో లెక్కలు దాచి, మొత్తాన్ని కంటెయినర్‌లో, అంటే ఏ మిషన్ మీదైనా ఒకే తీరున నడిచే పెట్టెలో పెట్టాడు. మా ల్యాబ్‌లో ఆరో నంబరు మిషన్ మీద పది నిమిషాల్లో లేచి నిలబడింది. ఊరికి వెళ్లగానే నాన్నకు చూపిస్తానని మురిసిపోయాడు.

వెళ్లిన పదిహేను రోజులకు వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. ఇక్కడ రాత్రి తొమ్మిదైంది, నేను వంటింట్లో ఉన్నాను. ఫోన్‌ను మానిటర్ ఎదురుగా పట్టుకున్నాడు. ఆ ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సినవాటి డౌన్‌లోడ్ ఒక్క అంగుళం కదలలేదు. నల్ల తెర మీద ఎర్ర అక్షరాలు, చివర మూడు అంకెలు: 403, అనుమతి లేదని సర్వరు చెప్పే సంఖ్య. "మేడమ్, కమాండ్‌లో తప్పేదైనా ఉందా?" అన్నాడు.

పంతులమ్మ బుద్ధి కదా, నేను తప్పు కమాండ్‌లోనే వెతికాను. స్టవ్ ఆపేసి, చుక్కలూ అడ్డగీతలూ ఒక్కొక్కటే చదివించాను. ఇరవై నిమిషాలు. ఖాళీ ఎక్కడ ఇచ్చావు, పెద్దక్షరం ఎక్కడ పెట్టావు అని అడుగుతూనే ఉన్నాను. తర్వాత అదే కమాండ్‌ను నా ల్యాప్‌టాప్‌లో కొట్టాను. గడగడా దిగింది. అక్షరం తేడా లేదు. అప్పుడు తట్టింది నాకు, తప్పు అతను కొట్టిన కమాండ్‌లో లేదని, అతను ఉన్న చిరునామాలో ఉందని. ఆ మాట అతనికి ఎలా చెప్పాలో కాసేపు తోచలేదు. నేను నోరు తెరిచేలోపే అతనే "తహ్రీమ్" అన్నాడు. వాళ్ల భాషలో ఆంక్షలను అలా అంటారట. అతను నా దగ్గర లైనక్స్ నేర్చుకుంటే, నేను అతని దగ్గర ఈ మాట నేర్చుకున్నాను.

ఆ సర్వరు ఎవరిదో ఇక్కడ రాయను. రాస్తే నా ఫిర్యాదు ఒక్క కంపెనీ మీదే అనుకుంటారు. అదే తరహా జవాబు ఆ వారంలో అతనికి మరో మూడు చోట్ల కూడా వచ్చింది.

వచ్చే నెలలో ఇరాన్ వెళ్తున్న అతని స్నేహితుడొకడు టోలీచౌకీలో ఉన్నాడని తెలిసింది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో డెబియన్ అనే రకం లైనక్స్, పైథాన్ లైబ్రరీలు, పోస్ట్‌గ్రెస్, వాటి సోర్స్ కోడ్ నింపాను. ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇచ్చాను. ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చని వాటిని రాసినవాళ్లే రాసిపెట్టిన సాఫ్ట్‌వేర్, శంషాబాద్ నుంచి విమానంలో బిస్కెట్ల మధ్య కూర్చుని వెళ్లింది. ఆ రోజు ఇంటికి వస్తూ మెట్రోలో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతోనే.

ఇప్పుడు మీ వ్యాసం దగ్గరికి వస్తాను. మీరు రాసింది అబద్ధం కాదు. సగం నిజం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకటి లైసెన్సు, అంటే దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే కాగితం. 1997లో డెబియన్ వాళ్లు రాసుకున్న నిబంధనల్లో అయిదోది స్పష్టంగా ఉంది, ఏ మనిషి పట్ల, ఏ వర్గం పట్ల వివక్ష చూపకూడదని. తర్వాత వచ్చిన ఓపెన్ సోర్స్ నిర్వచనం కూడా దాన్నే తీసుకుంది. ఆ కాగితం ప్రకారం ఇస్ఫహాన్ కుర్రాడికీ ఇల్లెందు కుర్రాడికీ తేడా లేదు. రెండో ముఖం ఆ కోడ్ కూర్చున్న ఇల్లు. సర్వరు ఎవరిది, ఆ సర్వరున్న దేశం చట్టమేమిటి, అకౌంట్ ఎవరిస్తారు, డొమైన్ ఎవరి దగ్గర ఉంది. ఆ ఇంటి తలుపు లైసెన్సు మాట వినదు. మన పెద్దలు ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అంటారు. ఇక్కడ లైసెన్సు రమ్మంటుంది, సర్వరు పొమ్మంటుంది.

అమెరికా ఎగుమతి చట్టం చదివితే విచిత్రంగా అనిపిస్తుంది. అందరికీ ప్రచురించిన సోర్స్ కోడ్‌ను ఆ నియమాలు చాలావరకు తమ పరిధిలోకే తీసుకోవు. రహస్య లిపి, అంటే ఎన్‌క్రిప్షన్ ఉన్న కోడ్ అయితే ఎక్కడ పెట్టామో వాళ్ల కార్యాలయాలకు ఒక ఈమెయిల్ పంపాలన్న ఏర్పాటు ఉండేది, 2021 నుంచి అది ప్రామాణికం కాని ఎన్‌క్రిప్షన్‌కే మిగిలింది. అంటే కోడ్‌కు దారి ఉంది. కానీ ఆర్థిక ఆంక్షలు వేరే శాఖవి. అవి వస్తువును కాదు, సేవను పట్టుకుంటాయి. అకౌంట్ ఇవ్వడం సేవ. ప్రైవేటు రిపో, అంటే సొంత కోడ్ దాచుకునే అర ఇవ్వడం సేవ. డబ్బు తీసుకోవడం సేవ. పుస్తకాలు, సినిమాలు, సమాచారం లాంటివాటిని ఆంక్షల నుంచి తప్పిస్తూ 1988లోనే అక్కడి కాంగ్రెస్ సవరణ చేసింది. అచ్చయిన పుస్తకం సరిహద్దు దాటుతుంది, అదే పుస్తకాన్ని చదవడానికి కావాల్సిన అకౌంట్ చాలాసార్లు దాటదు.

ఈ తేడాను 1990లలో అమెరికా ప్రోగ్రామర్ ఫిల్ జిమ్మర్‌మన్ ఎంత బాగా వాడుకున్నాడో మా పిల్లలకు ఇప్పటికీ చెబుతాను. ఆయన 1991లో పీజీపీ అనే ప్రోగ్రామ్ రాశాడు, ఉత్తరాలను ఇతరులు చదవకుండా తాళం వేసేది. అది దేశం దాటిందని అమెరికా ప్రభుత్వం మూడేళ్లు విచారణ నడిపింది. అప్పట్లో అలాంటి సాఫ్ట్‌వేర్ ఎగుమతి ఆయుధాల ఎగుమతితో సమానం. 1995లో ఎంఐటీ ప్రెస్ ఆ సోర్స్ కోడ్ మొత్తాన్ని పుస్తకంగా అచ్చువేసింది. ఫ్లాపీ దాటకూడదు, పుస్తకం దాటవచ్చు. తర్వాతి వెర్షన్ల విషయంలో యూరప్‌లో వాలంటీర్లు అలాంటి పుస్తకాల పేజీలు స్కాన్ చేసి మళ్లీ ప్రోగ్రామ్‌గా కూర్చారు. నా బిస్కెట్ల డబ్బాకు వాళ్లే పెద్దన్నలు.

ఇది ఏదో ఒక్కసారి జరిగిన వింత కాదు. 2010 జనవరిలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు దాచుకునే సోర్స్‌ఫోర్జ్ అనే సైటు క్యూబా, ఇరాన్, ఉత్తర కొరియా, సూడాన్, సిరియాల నుంచి వచ్చేవారికి తలుపు మూసింది. గొడవయ్యాక ఆపాలా వద్దా అన్న నిర్ణయాన్ని ప్రాజెక్టులవాళ్లకే వదిలేసింది. 2018లో అలాంటిదే అయిన గిట్‌ల్యాబ్ తన సైటును గూగుల్ క్లౌడ్‌కు, అంటే గూగుల్ అద్దెకిచ్చే సర్వర్లకు మార్చింది. ఆ క్లౌడ్ ఆంక్షలున్న దేశాల నుంచి వచ్చే రాకపోకలను ఆపేస్తుంది కాబట్టి, గిట్‌ల్యాబ్ ప్రత్యేకంగా నిర్ణయించకపోయినా అక్కడివాళ్లకు ఆ సైటు పోయింది. ఇల్లు మారితే పాత చుట్టాలకు దారి పోయినట్టు. 2019 జులైలో అదే పని చేసే గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియాల్లో ఉన్నవాళ్ల ప్రైవేటు రిపోలను, డబ్బు కట్టే సేవలను ఆపేసింది. బయటికి తెరిచి ఉన్న రిపోలు చదువుకోవచ్చు, కానీ సొంతంగా దాచుకున్న పని చేతికి అందలేదు. దాన్ని సరిచేయడానికి కంపెనీ అమెరికా ఖజానా శాఖ దగ్గర ప్రత్యేక లైసెన్సు తెచ్చుకోవాల్సి వచ్చింది, 2021 జనవరి 5న ఇరాన్‌లోని వాళ్లందరికీ మళ్లీ తెరిచామని ప్రకటించింది. ఏడాదిన్నర. ఉద్యోగం వెతుక్కునే ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఏడాదిన్నర ఎంత పెద్దదో అమీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు.

2024 మే నెలాఖరులో కంటెయినర్లు దొరికే డాకర్ హబ్ రష్యాకు మూతపడి కొద్ది రోజులకే మళ్లీ తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో జరిగింది నన్ను ఇంకా బాధపెట్టింది. లైనక్స్ కెర్నల్‌లో, అంటే దాని గుండెకాయలో ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో రాసే ఒక ఫైలు ఉంటుంది. కెర్నల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అందులోంచి రష్యాతో సంబంధం ఉన్న సుమారు డజను మంది పేర్లు తీసేశారు. నియమాల పాటింపు కోసమని, తగిన పత్రాలు చూపిస్తే తిరిగి రావచ్చని ఒక్క ముక్క రాశారు. లైనక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని సమర్థించారు. వాళ్లు రాసిన కోడ్‌ను తీసేయలేదు, పేర్లు తీసేశారు. యుద్ధం చేసింది వాళ్లు పనిచేసే దేశం, నిజమే. ఆంక్షలున్న కంపెనీల జీతం తీసుకునేవాళ్లు అందులో ఉన్నారన్న వాదనా ఉంది. న్యాయవాదుల మాట వినక తప్పని పరిస్థితిని నేను అర్థం చేసుకోగలను. కానీ ఏళ్ల తరబడి పని చేసిన మనిషిని పంపేటప్పుడు ఎందుకో వివరంగా ఒక మాట, చేసిన పనికి ఒక కృతజ్ఞత చెప్పి ఉండాల్సింది. మన ఊళ్లలో పొలం పని అయిపోయిన కూలీకి కూడా చెంబెడు మజ్జిగ ఇచ్చి పంపుతారు.

అంతా చదివి, ఇరాన్ గోల మనకెందుకు అనే పాఠకులు ఉంటారు. అలాంటివారికి మా ఇంటి బీరువాలో ఉన్న ఒక కాగితం గురించి చెప్పాలి.

మావారు చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్‌లో పనిచేసేవారు. కంచన్‌బాగ్ రక్షణ ల్యాబులకు సర్క్యూట్ బోర్డులు చేసి ఇచ్చే యూనిట్. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలయ్యాయి. నవంబరులో అమెరికా తన ఎంటిటీ లిస్ట్‌లో, అంటే అనుమతి లేకుండా సరుకు అమ్మకూడని సంస్థల జాబితాలో మన దేశపు సంస్థలను పెద్దసంఖ్యలో చేర్చింది. మన హైదరాబాద్ నుంచి క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, వాటిని రూపొందించే డీఆర్‌డీఎల్ అందులో ఉన్నాయి. మావారి యూనిట్ పేరు ఏ జాబితాలోనూ లేదు. అయినా ఎప్పటి నుంచో రిలేలు, అంటే చిన్న విద్యుత్ స్విచ్‌లు పంపే విదేశీ సరఫరాదారు, మీ సరుకు చివరికి ఎవరికి చేరుతుందో రాసివ్వండి అని ఉత్తరం రాశాడు. రాసిచ్చారు. జవాబు ఒకే వాక్యం, మీ ఆర్డరు అమలు చేయలేము అని. కింద సంతకం కూడా లేదు. నలభై రిలేలు, అన్నీ కలిపి రెండు దోసిళ్లలో పట్టేటంత. వాటికోసం పధ్నాలుగు నెలలు బెంగళూరు, పుణె తిరిగారు. మరుసటి ఏడాది దసరాకు ఆ యూనిట్‌లో బోనస్ లేదు. ఆ ఒక్క వాక్యం ఉత్తరం నకలు మావారు ఇంకా ఇంటి పట్టాల మధ్య దాచుకున్నారు.

2011 జనవరిలో భారత్ డైనమిక్స్, డీఆర్‌డీఎల్ ఆ జాబితాలోంచి బయటికి వచ్చాయి. పన్నెండేళ్లు దాటింది. బాబా అణు పరిశోధనా కేంద్రం అయితే 2025 జనవరి దాకా ఉంది. క్రే సూపర్ కంప్యూటర్ విషయంలో మన దేశానికి ఎదురైన అడ్డంకుల తర్వాతే 1988లో సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధనా సంస్థ పెట్టుకున్నాం, 1991లో పరమ్ 8000 అనే సూపర్ కంప్యూటర్ చేసుకున్నాం. మన కంచన్‌బాగ్‌లోనే అనురాగ్ ల్యాబ్‌వాళ్లు పేస్ అనే సమాంతర కంప్యూటర్ చేశారు. ఈ కథ చెప్పినప్పుడల్లా చాలామంది, చూశారా, ఆంక్షల వల్లే మనం ఎదిగాం అంటారు. నాకు ఆ మాట నచ్చదు. అది దేశానికి చెల్లుతుంది. దేశం వెనక ఖజానా ఉంది, ల్యాబులున్నాయి, పదేళ్లు ఆగే ఓపిక ఉంది. నాన్న కొట్టుకు లెక్కల ప్రోగ్రామ్ పెట్టాలనుకున్న కుర్రాడి వెనక ఏముంది? చర్లపల్లిలో బోనస్ రాని కూలీ వెనక ఏముంది?

ఆంక్షలన్నీ తప్పని నేను అనడం లేదు. క్షిపణుల విడిభాగాలు ఎవరికి అమ్మాలో, యుద్ధానికి డబ్బు ఎక్కడి నుంచి పోతోందో చూసుకునే హక్కు దేశాలకుంది. పైగా ఇరాన్ ప్రభుత్వమే తన ప్రజలకు ఎన్నో సైట్లు మూసేసింది. ఆ అబ్బాయి చెప్పేవాడు, మా ఇంటర్నెట్‌కు రెండు గోడలు మేడమ్, లోపలి గోడ ఫిల్టర్, బయటి గోడ తహ్రీమ్ అని. లోపలి గోడ దూకే సాధనాన్ని ఫిల్టర్‌షెకన్ అంటారట. ఉర్దూ వినే మన నగరంవాళ్లకు ఆ షెకన్ ఏమిటో చెప్పక్కర్లేదు, పగలగొట్టేది. నేనడిగేది ఒక్కటే. తమ ప్రభుత్వం కట్టిన గోడ లోపల ఉన్నవాళ్లకు స్వేచ్ఛ పేరు చెప్పుకునే మనం బయటి నుంచి ఇంకో గోడ కట్టడం ఏం న్యాయం? ప్రపంచమంతా చదువుకోవడానికి బయట పెట్టిన కోడ్‌ను ఒక విద్యార్థికి ఆపితే ఏ క్షిపణి ఆగుతుంది?

అసలు చట్టం కంటే భయం ఎక్కువ చెడు చేస్తోంది. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో పనిచేస్తోంది. కంపెనీ పేరు చెప్పను. ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని చూసుకోవడం ఆమె పనిలో భాగం. రష్యా నుంచి ఒకతను అందులో ఒక బగ్ పట్టి సరిచేసి పంపాడు. మార్పు నాలుగు లైన్లు. ఆమె చూసి బాగుందనుకుంది. పైవాళ్లు మాత్రం అతనికి జవాబివ్వొద్దు, ఆ మార్పు ముట్టుకోవద్దు, లీగల్ వాళ్లు చెప్పేదాకా ఆగమన్నారు. అతని పేరు ఏ జాబితాలోనూ లేదు. లీగల్ వాళ్లు మూడు నెలలకు కూడా చెప్పలేదు. చివరికి ఆమే అదే బగ్‌ను వేరేగా సరిచేసింది. "మేడమ్, ఆయనకు థాంక్స్ కూడా చెప్పలేకపోయాను" అని మా ఇంటికి వచ్చి చెప్పింది. చట్టం అడిగినదాని కంటే నాలుగు అడుగులు వెనక్కి వేసే ఈ అలవాటు మన నగరం ఆఫీసుల్లో రోజూ పెరుగుతోంది. ఎవరూ దాన్ని తప్పుగా చూడటం లేదు, జాగ్రత్త అనుకుంటున్నారు.

నిరుడు మనకే ఒక దెబ్బ తగిలింది, పత్రికలన్నీ రాశాయి కాబట్టి పేరుతోనే చెబుతాను. 2025 జులై 18న యూరోపియన్ యూనియన్ గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ మీద ఆంక్షలు పెట్టింది. అందులో సగానికి కాస్త తక్కువ వాటా రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌ది. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీకి ఈమెయిల్, టీమ్స్ ఆపేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చాయి. ఆ మధ్యలో వాళ్లు రెడిఫ్ మెయిల్ తెరుచుకోవాల్సి వచ్చింది. భారతదేశపు చట్టం ఆంక్ష పెట్టలేదు. ఐక్యరాజ్యసమితి పెట్టలేదు. డబ్బు కట్టి కొనుక్కున్న సాఫ్ట్‌వేరే అయినా, ఒక భారతీయ కంపెనీ తన సొంత ఉత్తరాలు తాను చదువుకోలేకపోయింది. అది ఓపెన్ సోర్స్ వ్యవహారం కాదు, తెలుసు. కానీ తలుపు తాళం ఎవరి జేబులో ఉందన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

ఇక మనం చేయగలిగింది ఏమిటో కూడా చెప్పాలి, ఉత్త ఏడుపు ఏడిస్తే మా పిల్లలు ఊరుకోరు.

కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనం గురించి మీ వ్యాసంలో ఒక లైను ఉంది. అది ఎలా పుట్టిందో చెబితే బాగుండేది. కెర్నల్ రాసేవాళ్లు అంతకుముందు బిట్‌కీపర్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేవారు. 2005లో ఆ కంపెనీ ఉచిత వాడకాన్ని వెనక్కి తీసుకుంది. తలుపు మూసుకుంది కాబట్టి టోర్వాల్డ్స్ కొన్ని వారాల్లో గిట్ రాశారు. గిట్‌లో ఎవరి క్లోన్‌లోనైనా, అంటే దించుకున్న కాపీలోనైనా మొత్తం చరిత్ర ఉంటుంది. సర్వరు పోయినా ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ పూర్తి కాపీ. ఈ గుణాన్ని మన పిల్లలు వాడుకోవడం లేదు. రిపో అంటే ఒక వెబ్‌సైట్ అనుకుంటున్నారు. సైటులోకి లాగిన్ కాలేకపోతే తమ ప్రాజెక్టు పోయిందనుకుంటున్నారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు రెండో కాపీ వేరేచోట ఉంటేనే మార్కులు అనే చిన్న నియమం పెడితే, ఖర్చు లేకుండా ఒక తరం నేర్చుకుంటుంది. అయితే కోడ్ ఒక్కటే క్లోన్‌లో వస్తుంది. దాని మీద జరిగిన చర్చలు, బగ్ రిపోర్టులు, ఎవరు ఎందుకు మార్చమన్నారన్న వివరం, ఇవన్నీ సైటులోనే ఉండిపోతాయి. వాటిని కూడా దించుకోవడం నేర్పాలి.

మన విశ్వవిద్యాలయాలు, పెద్ద కాలేజీలు డెబియన్ లాంటి లైనక్స్ డిస్ట్రిబ్యూషన్ల మిర్రర్లు, అంటే వాటి పూర్తి నకళ్లు ఉంచే సర్వర్లు నడపాలి. ఒక మంచి సర్వరు, కొన్ని డిస్కులు, చూసుకునే ఒక మనిషి. సెమిస్టర్ ప్రాజెక్టుగా విద్యార్థులే నడపగలరు. ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ వాడకం మీద విధానం ప్రకటించింది, ప్రభుత్వ కోడ్ కోసం ఓపెన్‌ఫోర్జ్ అనే చోటు ఏర్పాటు చేసింది. మన రాష్ట్రంలో పన్నుల డబ్బుతో రాయించే పోర్టళ్ల కోడ్ ఎక్కడ ఉంది, దాని రెండో కాపీ ఎక్కడ ఉంది అని మీ విలేకరులు ఒక్కసారి అడిగి రాస్తే సంతోషిస్తాను. ఎవరైనా వాడుకోగల రిస్క్-ఫైవ్ చిప్ డిజైన్ నడిపే సంస్థ ఇలాంటి భయాలతోనే 2020లో అమెరికా నుంచి స్విట్జర్లాండ్‌కు మకాం మార్చింది. ఆ డిజైన్ మీదే మద్రాస్ ఐఐటీ శక్తి ప్రాసెసర్లు, సీడాక్ వేగా ప్రాసెసర్లు నిలబడ్డాయి. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్నది ఇంజనీర్లు ముందే ఆలోచించాల్సిన విషయం.

మన దేశం వాణిజ్య చర్చల్లో కూర్చున్నప్పుడు, అందరికీ ప్రచురించిన సోర్స్ కోడ్, దాన్ని అందుకోవడానికి కావాల్సిన మామూలు అకౌంట్, ఈ రెండూ ఆంక్షల బయట ఉండాలని గట్టిగా అడగాలి. పుస్తకానికి 1988లో దొరికిన మినహాయింపు అకౌంట్‌కు ఎందుకు దొరకకూడదు? పన్నెండేళ్లు తన సంస్థలు జాబితాలో ఉన్న దేశానికి ఈ మాట అడిగే అర్హత ఉంది. మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

మా ల్యాబ్‌లో ఆరో నంబరు మిషన్‌ను ఇప్పుడు పాఠాలకు వాడటం లేదు. నాలుగు టెరాబైట్ల డిస్క్ బిగించి, డెబియన్ స్టేబుల్ ప్యాకేజీలు, వాటి సోర్స్, నా పాఠాల్లో వాడే ప్రాజెక్టుల క్లోన్లు అందులో పెట్టాను. ప్రతి ఆదివారం తెల్లవారుజామున తనంతట తనే కొత్తవి దించుకుంటుంది. ఏ దేశం విద్యార్థి అయినా, ఏ కాలేజీ అయినా సరే, శనివారం సాయంత్రం అయిదు తర్వాత ఖాళీ డిస్క్ తెచ్చుకుంటే కాపీ చేసి ఇస్తున్నాను. ఇస్ఫహాన్‌లో తివాచీల కొట్టు లెక్కలు ఆ పెన్‌డ్రైవ్‌లో వెళ్లిన పోస్ట్‌గ్రెస్ మీదే నడుస్తున్నాయని ఆ అబ్బాయి నౌరోజ్‌కు శుభాకాంక్షలు పంపుతూ రాశాడు. కొత్త వెర్షన్ కావాలట. ఎవరైనా అటు వెళ్లేవాళ్లు ఉన్నారా అని అడిగాడు, ఇంకా దొరకలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కుషాయిగూడ, హైదరాబాద్